మూఢం ఉన్నన్నాళ్ళూ

నేను పంచాంగం చూడటం నేర్చుకున్నది కరాటే కోసం. చెబితే నవ్వుతారు, నవ్వండి. మా ఇంట్లో గోడకు తగిలించే క్యాలెండరు మీద రోజుకో బైబిలు వచనం ఉంటుంది తప్ప తిథి, నక్షత్రం ఉండవు. తాత కాలం నుంచీ మాకు ఆదివారం ఒక్కటే వేరే రోజు, మిగతావన్నీ ఒకటే. అలాంటి ఇంట్లో పుట్టి, నలభై దాటాక గవర్నర్‌పేట ఫుట్‌పాత్ మీద పంచాంగం కొని, శుక్రుడు ఎప్పుడు అస్తమిస్తాడో, గురుడు ఎప్పుడు ఉదయిస్తాడో వేలు పెట్టి వెతుక్కునేదాకా వచ్చాను. తక్కువ ఖర్చులో కరాటే స్కూలు పెట్టాలనుకోవడమే దీనంతటికీ మూలం.

అంతకుముందు గన్నవరం వెళ్ళే దారిలో ఒక పెద్ద రెసిడెన్షియల్ కాలేజీలో పీఈటీగా ఉండేవాణ్ణి. కాలేజీ అంటారు గానీ ఆరో తరగతి నుంచే పిల్లల్ని చేర్చుకుంటారు. ఆటస్థలం ఉండాల్సిన చోట కొత్త బ్లాకు లేచింది. నాకిచ్చిన కరాటే పీరియడు ముందు వారానికి ఒక్కటైంది, తర్వాత స్టడీ అవరైంది. నన్ను ఫ్లోర్ ఇన్‌ఛార్జి అన్నారు. పేరు ఘనంగానే ఉంది. చేసే పని మాత్రం, పిల్లలు తలలెత్తకుండా చదువుతున్నారో లేదో చూస్తూ బల్లల మధ్య తిరగడం. చిన్నప్పటి నుంచీ ఒళ్ళు హూనం చేసుకుని నేర్చుకున్న విద్య, చివరికి చప్పుడు చెయ్యకుండా నడవడానికి పనికొచ్చింది. ఒక వేసవిలో మానేశాను.

నా భార్య ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నేను మానేసిన రోజు ఆమె అరవలేదు, ఏడవలేదు. డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, మెల్లగా చెప్పింది.

"వచ్చే ఏడాది బళ్ళు తెరిచేదాకా చూద్దామండీ. అప్పటికి మీ స్కూలు నిలబడితే సరే. లేకపోతే మళ్ళీ ఆ కాలేజీకే వెళ్దురుగాని. ఒక్క జీతంతో ఇల్లు నడపడం నావల్ల కాదు."

న్యాయమైన మాట. అప్పటి నుంచీ నా ఆలోచనంతా ఒకటే: నెల తిరిగేసరికి మెడమీద కూర్చునే ఖర్చు ఏదీ ఉండకూడదు. నా గురువుగారు గుడివాడలో మెయిన్ రోడ్డు మీద హాలు అద్దెకు తీసుకుని, నేలంతా మ్యాట్లు పరిచి, గోడంతా అద్దాలు పెట్టించి, ఆ అద్దె కట్టలేక మూసేసిన మనిషి. ఆ తర్వాత ఆయన ఊళ్ళు తిరిగి ఇతరుల స్కూళ్ళలో బెల్టు పరీక్షలు పెడుతూ బతుకుతున్నారు. ఆయన పడ్డ గోతిలో నేను పడకూడదనుకున్నాను. పడటానికి వేరే గొయ్యి ఉంటుందని తోచలేదు.

చోటు కోసం తిరిగాను. గవర్నర్‌పేటలో మేడమీద గది చూస్తే, లాడ్జీల మధ్య అగ్గిపెట్టెంత గదికి అడిగిన అడ్వాన్సు విని మెట్లు దిగి వచ్చేశాను. పార్కులో రెండు వారాలు నడిపాను. పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషులకు పిల్లల కేకలు గిట్టలేదు. వాళ్ళు గుండ్రంగా నిలబడి పెద్దగా నవ్వే వ్యాయామం చేస్తారు, అది మాత్రం చప్పుడు కాదట. మా చర్చి వెనక హాలు అడిగాను. సంఘ పెద్దలు కూర్చుని మాట్లాడుకున్నారు. ప్రభువు మందిరం పక్కన కొట్టుకోవడం నేర్పడమేమిటని ఒకరు, మనిషికి మనిషి వంగి దండం పెట్టడమేమిటని ఇంకొకరు అడ్డు చెప్పారు. అది దండం కాదు, మర్యాద అన్నాను. ప్రార్థన చేసి, కాఫీ ఇచ్చి పంపించారు.

చివరికి నాకు తలుపు తీసింది వన్ టౌన్‌లో ఒక పాత కల్యాణ మండపం. కందిపప్పు హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన దాని యజమాని. వాళ్ళ నాన్నగారు కట్టించిందట. హైవే మీద ఏసీ హాళ్ళు వచ్చాక డబ్బున్న పెళ్ళిళ్ళన్నీ అటు పోయాయి. కారు తిరగని సందులో, తోపుడుబళ్ళ మధ్య ఈ మండపం చిన్నాచితకా పెళ్ళిళ్ళతో నెట్టుకొస్తోంది. నేను వెళ్ళిన రోజు ఆయన ఖాళీ హాలు మధ్యలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటున్నారు.

"మూఢం వచ్చింది కదండీ మాస్టారూ. ఇక పెళ్ళిళ్ళేం ఉంటాయి? హాలు ఊరికే పడుంది. మీరు పిల్లల్ని తెచ్చుకోండి. కరెంటు బిల్లు కట్టి, పోయేటప్పుడు ఊడిపించండి, చాలు."

మూఢం అంటే ఏమిటని ఆయన్నే అడిగాను. గురుడో శుక్రుడో సూర్యుడికి మరీ దగ్గరగా పోయి కనపడకుండా ఉండే కాలమట. అప్పుడు పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, ఏ శుభకార్యమూ చెయ్యరట. ఇన్నేళ్ళు విజయవాడలో బతికి, ఆ మాట వేలసార్లు విని, దాని అర్థం ఆ రోజు తెలుసుకున్నాను. ఊరందరికీ చెడ్డకాలం, నాకు అద్దె లేని కాలం. అడ్వాన్సు లేదు, అగ్రిమెంటు లేదు. అంత తెలివైన పని నా జన్మలో చెయ్యలేదనిపించి, ఇంటికి వెళ్ళేదాకా నాలో నేను నవ్వుకున్నాను.

ఆ మొదటి మూఢం బాగా జరిగింది. బాగా అనే మాట ఈ కథలో ఇక్కడే వస్తుంది కాబట్టి కాస్త ఆగుతాను. మ్యాట్లు కొనలేదు, పెళ్ళి భోజనాలకు వేసే పట్టాలు పరిచి వాటి మీదే పిల్లల్ని దొర్లించేవాణ్ణి. బోర్డు పెట్టలేదు, చుట్టి స్కూటరుకు కట్టుకునేలా ఒక ఫ్లెక్సీ కొట్టించాను. అద్దాల ఖర్చు కూడా తప్పింది. పెళ్ళికూతురి గదిలో నిలువెత్తు అద్దం ఉంది. ఒక్కో పిల్లనీ పిల్లాణ్ణీ దాని ముందు నిలబెట్టి, పాదం ఎక్కడ పడుతోందో చూసుకోమనేవాణ్ణి. అద్దం అంచులకు ఎవరో పెళ్ళికూతురు అంటించిపోయిన బొట్టుబిళ్ళలు ఇంకా ఉండేవి. క్లాసు మొదట్లో అందరం వేదిక వైపు తిరిగి వంగేవాళ్ళం. అక్కడ ఎర్ర వెల్వెట్ కుర్చీలు రెండు ఖాళీగా ఉండేవి.

యూనిఫాం గుడ్డ వన్ టౌన్‌లోనే టోకున కొని, ఇంటి దగ్గరి టైలరు చేత కుట్టించాను. పసుపు బెల్టులు కొనడం ఎందుకని తెల్ల బెల్టులకు నేనే బకెట్లో రంగు వేశాను. పిల్లలకు చెమట పట్టేసరికి ఆ రంగు కారి తెల్లబట్టల మీదకు దిగింది. మర్నాడు ఒక తల్లి వచ్చి, మండపంలో క్లాసన్నారు సరే, పిల్లలకు నలుగు కూడా పెడుతున్నారా అని అడిగింది.

వచ్చేవాళ్ళలో మిర్చి కొట్లో గుమాస్తా కూతురు ఒకతె ఉండేది. పదేళ్ళ పిల్ల. సన్నగా ఉంటుంది గానీ నిలబడితే కదిలించలేం. ఎదుట మనిషి లేకపోయినా ఉన్నట్టు ఊహించుకుని వరసగా చేసే దెబ్బల్ని, అడ్డుకోవడాల్ని కటా అంటాం. ఆ పిల్ల కటా చేస్తుంటే నాకు కూడా ఎదుటి మనిషి కనపడేవాడు. నాకు ఇన్నేళ్ళలో అలాంటి శిష్యులు దొరకలేదు. ఆ పిల్లను చూసే ఈ స్కూలు నిలబడుతుందనుకున్నాను, అది దాచడం ఎందుకు? మూఢం అయిపోతే క్లాసు ఉండదేమోనని ఎవరో అంటే విని, ఆ పిల్ల ఇంట్లో వాళ్ళ నానమ్మతో మూఢం ఎప్పటికీ పోకుండా ఉంటే బాగుండును అందట. ఆ ముసలావిడ నోటిమీద ఒకటి వేసిందట. ఆ పిల్లే నవ్వుతూ నాకు చెప్పింది.

మూఢం పోయే రోజులకి ఆషాఢం వచ్చింది. ఆషాఢంలోనూ ముహూర్తాలు ఉండవని పంచాంగంలో చూసుకుని, ఇంకో నెల ఢోకా లేదని తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ధీమాగా పెట్టాను. మర్నాడు వెళ్ళేసరికి మండపం గుమ్మానికి ఆషాఢం సేల్ అని నా ఫ్లెక్సీకి పదింతల ఫ్లెక్సీ కట్టి ఉంది. లోపల హాలంతా చీరల గుట్టలు. ఎర్ర కుర్చీల మీద బొమ్మలకు పట్టుచీరలు కట్టి కూర్చోబెట్టారు.

"వాళ్ళు ఏటా వస్తారండీ," అన్నారు యజమాని, నా మొహం చూసి నిజంగా బాధపడుతూ. "ఉగాదికే అడ్వాన్సు ఇచ్చేస్తారు. మీకు చెప్పడం మర్చిపోయాను."

శుక్రుడి సంగతి తెలుసుకున్నాను గానీ చీరల వ్యాపారుల సంగతి తెలుసుకోలేదు. ఓ మూల కాస్త చోటిస్తే, చీరల గుట్టల మధ్య కొన్ని రోజులు నడిపాను. బేరాలాడే ఆడవాళ్ళ కాళ్ళకు పిల్లల కాళ్ళు తగిలేవి. దింపడానికి వచ్చిన తల్లులు మాత్రం సంతోషించారు, రోజూ రెండు సంచులతో ఇంటికి వెళ్ళేవారు. నాకు ఇవ్వాల్సిన ఫీజు ఆ సంచుల్లో వెళ్ళిపోతోందని నాకు తెలుస్తూనే ఉంది.

శ్రావణంతో ముహూర్తాలు మొదలయ్యాయి. ఈ రోజు క్లాసు లేదు, పెళ్ళి ఉంది, అని గ్రూపులో పెట్టడం నా రోజువారీ పనైంది. మొదటిసారి ఒక తండ్రి ఎవరిదండీ పెళ్ళి అని అడిగాడు. ఇంకొకాయన శుభాకాంక్షలు పెట్టాడు. ఖాళీ రోజుల్లో కూడా ముందు రాత్రి పెళ్ళి తాలూకు అరటాకులు, పన్నీటి వాసన, తడి నేల. నేనే ఊడ్చుకునేవాణ్ణి. వారంలో ఏ రోజు క్లాసుంటుందో చెప్పలేని మాస్టారి దగ్గరికి ఎవరు పంపుతారు? ఒక్కొక్కరే తగ్గారు. మానేస్తున్నామని కూడా చెప్పేవారు కాదు, గ్రూపులోంచి వెళ్ళిపోయేవారు. ఫలానా నంబరు వెళ్ళిపోయిందని తెర మీద ఒక సన్న గీత వచ్చేది, అంతే.

అద్దె గది తీసుకోమని నా భార్య అంది. నా మీద పంతంతో కాదు, బాధతోనే అంది. క్లాసులో పిల్లల సంఖ్య పెరిగాక తీసుకుంటానన్నాను. చోటు లేకుండా పిల్లలు ఎలా పెరుగుతారని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న నేనే రాత్రిపూట అడుక్కునేవాణ్ణి.

కార్తీకం పోయాక మళ్ళీ మూఢం పడింది. పంచాంగంలో ఆ పేజీ చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. చాలా పొడుగు మూఢం. ఇదే ఆఖరి అవకాశమని తెలుసు. బళ్ళు తెరిచేలోగా స్కూలు నిలబడాలంటే బెల్టు పరీక్ష జరగాలి. పరీక్షంటే తల్లిదండ్రులు వచ్చి చూస్తారు, ఫొటోలు తీసుకుంటారు, పక్కింటివాళ్ళకు చూపిస్తారు. పిల్లలు మళ్ళీ వస్తారు. గురువుగారికి ఫోన్ చేశాను. ఆయన వస్తానన్నారు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక శనివారం పెట్టుకున్నాం. ఈసారి చీరల వాళ్ళెవరూ లేరని యజమానిని రెండుసార్లు అడిగి మరీ రూఢి చేసుకున్నాను.

"మూఢంలో ఎవరండీ వచ్చేది?" అన్నారాయన.

గుమాస్తా కూతురు పరీక్షకని రోజూ స్కూలు నుంచి నేరుగా వచ్చేది. పెళ్ళికూతురి గదిలో అద్దం ముందు తనే చేసుకుంటూ ఉండేది. తప్పు దిద్దడానికి నాకు పెద్దగా ఏమీ మిగల్లేదు.

పరీక్షకు ముందురోజు సాయంత్రం యజమాని దగ్గర నుంచి ఫోన్. ఆయన నీళ్ళు నములుతున్నారు.

"ఏమనుకోకండి మాస్టారూ. రేపు హాలు ఇవ్వలేనండీ. పెళ్ళి వచ్చిపడింది."

మూఢం కదండీ అన్నాను. నా గొంతులో కోపం నాకే వినపడింది. శుక్రుడింకా ఉదయించలేదని నేను ఆయనకు చెప్పాను.

"మీవాళ్ళదేనండీ పెళ్ళి. మీవాళ్ళకి మూఢం ఉండదు కదండీ. వాళ్ళు చూసుకున్న హాలు ఏదో తేడా వచ్చిందంట, అడ్వాన్సు తెచ్చి చేతిలో పెట్టారు. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

ఫోను పెట్టేశాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. ఆమె నవ్వబోయి ఆగిపోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని చెప్పింది.

"మన పెళ్ళి మూఢంలోనే అయింది కదండీ. హాలు చవగ్గా వచ్చిందని మీ నాన్నగారు ఎంత మురిసిపోయారో మర్చిపోయారా?"

మర్చిపోయాను. ఏడాది తిరక్కుండా పంచాంగం అంతగా ఒంటబట్టించుకున్నాను, నేనెవరన్నది మాత్రం మర్చిపోయాను. మూఢంలో హాలు చవకని మాలో ప్రతి ఇంటికీ తెలుసు. ఆ తెలివి నాకొక్కడికే కొత్తగా వచ్చిందనుకుని మండపంలో కూర్చున్నాను.

అంత తొందరలో ఎక్కడా చోటు దొరకలేదు. గురువుగారు పొద్దున్నే బస్సు దిగారు. మండపం మేడమీద డాబా అయినా దొరుకుతుందేమోనని వెళితే, అక్కడ పొయ్యిల మీద బిరియానీ డేగిశాలు ఎక్కించి ఉన్నాయి. కింద గదిలో పెళ్ళికూతురు తెల్లచీరలో, తెల్లముసుగు సర్దుకుంటూ నేను పిల్లల్ని నిలబెట్టే అద్దం ముందు నిలబడి ఉంది. పెళ్ళివాళ్ళలో ఒకాయన నన్ను గుర్తుపట్టాడు. మా నాన్నకు తెలిసినవాడు. వందనాలు బ్రదర్, భోంచేసి వెళ్ళాలి అన్నాడు. సరేనన్నాను. ఏమనాలి మరి?

పిల్లలు తెల్లబట్టలు వేసుకుని సందులో గోడవారన నిలబడ్డారు. పెళ్ళికి వచ్చినవాళ్ళు వాళ్ళను బ్యాండు మేళం పిల్లలనుకున్నారు. గురువుగారు చెప్పులు విప్పి, సరే ఇక్కడే చూద్దాం, ముందు ఆ అమ్మాయిని రమ్మను అన్నారు. గుమాస్తా కూతురు ముందుకొచ్చి వంగింది. మొదలుపెట్టింది. సందులో అటు చివర నుంచి పప్పు బస్తాల తోపుడుబండి వచ్చింది. ఆపింది. బండి పోయాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి ఆటో. ఆ తర్వాత పెళ్ళికొడుకు కారు సందు మొగలో ఇరుక్కుని హారన్ కొట్టడం మొదలెట్టింది. పిల్ల ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి నా వైపు చూసింది. చివరిదాకా చేసిన కటా ఆ రోజు ఒక్కటీ లేదు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు. నన్ను పక్కకు పిలిచి, తిట్టకుండా, చాలా మెల్లగా మాట్లాడారు.

"నేను అద్దె కట్టలేక పోగొట్టుకున్నాను. నువ్వు కట్టకుండా పోగొట్టుకున్నావు. రోడ్డు మీద బెల్టు ఇవ్వలేనురా. ముందు కాళ్ళ కింద నేల చూసుకో."

ఆయన్ను బస్సెక్కించి వచ్చాను. బెల్టులు సంచీలో అలాగే ఉన్నాయి. ఈసారివి కొన్నవే, రంగు దిగేవి కావు. ఆ సాయంత్రం ఫోనులో సన్నగీతలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. గుమాస్తా మాత్రం ఫోన్ చేశాడు. అమ్మాయిని ఇంక పంపలేనని, ఏమనుకోవద్దని, చదువులో పడేస్తే మంచిదని వాళ్ళావిడ అంటోందని చెప్పాడు. మంచిదండీ అన్నాను. మిగిలిన మూఢమంతా హాలు ఖాళీగానే ఉంది. యజమాని రమ్మని కబురు పెట్టారు. తీసుకెళ్ళడానికి పిల్లలు లేరు.

బళ్ళు తెరిచారు. నా భార్య పొద్దున్నే నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. కాలేజీ వాళ్ళు నన్ను పాత జీతానికే తీసుకున్నారు, అదే ఫ్లోరు ఇచ్చారు. ఐడీ కార్డుకు పాత ఫొటోనే సరిపోయిందన్నారు.

రెండో వారంలోనో మూడో వారంలోనో, సాయంత్రం స్టడీ అవర్లో బల్లల మధ్య నడుస్తున్నాను. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలు. కిటికీ పక్క బల్లలో ఒక పిల్ల చటుక్కున లేచి, మడమలు కలిపి, చేతులు ఒంటికి ఆనించి, నడుము దాకా వంగింది. చుట్టూ పిల్లలు కిసుక్కున నవ్వారు. గుమాస్తా కూతురు. రెండు జడలు మడిచి కట్టారు, యూనిఫాం ఒక సైజు పెద్దది. పైన కెమెరా ఉంది. కూర్చోమని చేత్తో సైగ చేశాను. నాకు వంగాలనిపించింది, వంగలేదు.

కూర్చుంది. నేను పక్కగా వెళుతుంటే, పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండా, పెదాలు కదిలీ కదలనట్టు అడిగింది.

"సార్, మళ్ళీ మూఢం ఎప్పుడొస్తుంది?"

ఎప్పుడో నాకు తెలుసు. ఈ ఉగాదికి కూడా పంచాంగం కొన్నాను, అలవాటు పోలేదు. ఏ రోజు మొదలవుతుందో, ఏ రోజు పోతుందో అక్కడికక్కడే చెప్పగలను.

"చదువుకోమ్మా," అన్నాను.